ఉక్కునకు వచ్చు ముదిమి

లోహము ప్రాణములేని వస్తువు గనుక దానికి ముదిమి లేదనియు, త్రుప్పు పట్టనీయక కాపాడినచో చిరకాలము నిలుచుననియు విద్యార్థులు తలంతురు. మేమును తరగతిలో పెక్కేండ్లు ఇట్లే బోధించితిమి. పరమాణు రియాక్టరులలోని ఉక్కును గూర్చి చదివిన పిమ్మట ఆ మాటను దిద్దుకొనవలసివచ్చినది.

ఉక్కులోని పరమాణువులు వరుసలు తీరి యుండును. యురేనియము చీలినప్పుడు వెలువడు న్యూట్రాను మిక్కిలి వడిగలది. అది ఇనుప పరమాణువును ఢీకొని దాని చోటునుండి తరిమివేయును. తరుమబడినది మరికొన్నిటిని తరుమును. వానిలో పెక్కులు క్షణములోనే తిరిగి చోటు చేరును గాని, కొన్నిచోట్ల ఖాళీలును కొన్నిచోట్ల ఇరుకులును మిగిలిపోవును. ఇవి ఏండ్ల తరబడి పేరుకొనగా ఉక్కు గట్టిపడును. గట్టిపడుట మేలేగదా యని యడుగుదురేమో! అట్టి యుక్కు వంగుటకు మారుగా పగులును. ఏ యుష్ణోగ్రతకు దిగువ ఉక్కు పెళుసగునో, ఆ హద్దు న్యూట్రానులు తగిలినకొలది పైకి జరుగుచుండును.

ఇందు రాగి చేసిన కీడు విచిత్రమైనది. వెల్డింగు తీగెలు త్రుప్పు పట్టకుండుటకై పూర్వము వానికి రాగిపూత పూసెడివారు. ఆ కొద్దిపాటి రాగి అతుకులలో కలిసి, రేడియేషను తాకిడిచే చిన్నచిన్న గుంపులుగ కూడి, ఉక్కును మరింత పెళుసు చేసినది.

అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున యాంకీ రో అను కేంద్రము 1960లో పని ఆరంభించెను. దాని లైసెన్సు కాలమును పొడిగింపజూచినప్పుడు, ప్రధాన పాత్రయొక్క ఉక్కు ఎంత పెళుసుబారినదను ప్రశ్న పుట్టినది. ఇట్టి పాత్రలలో ఉక్కు తునకలను ముందుగనే ఉంచి, అప్పుడప్పుడు వెలికితీసి, విరిచి పరీక్షింతురు. అవి సాక్షులవంటివి. రో కేంద్రమున ఆ పరీక్ష తొలి యేండ్లలోనే నిలిచిపోయియుండెను. నిశ్చయముగ చెప్పుటకు సాక్ష్యము చాలనందున 1991లో రియాక్టరును ఆపిరి. 1992లో శాశ్వతముగ మూయ నిశ్చయించిరి.

పగిలిపోని పాత్రకు భయపడి కేంద్రమును మూయుట నష్టమని వాదించువారుందురు. మేము సమ్మతింపము. ఆపత్కాలమున రియాక్టరును కాపాడుటకు చల్లని నీటినే లోనికి పంపవలసియుండును. కాగిన లాంతరు చిమ్నీపై నీటిచుక్క పడినచో ఏమగునో లాంతరులు వాడిన పెద్దలందరు ఎరుగుదురు.

హైదరాబాదులో 1971లో స్థాపింపబడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సున తయారగు జర్కోనియము మిశ్రలోహపు గొట్టములును రియాక్టరులో పొడవు పెరుగును. వానిని కొలుచుచు, కాలము తీరినచో మార్చుదురు. గొట్టమును మార్చవచ్చును, పాత్రను మార్చుట యనిన కేంద్రమునే విప్పుట.

కంచరి రాగిబిందెను కొట్టి కొట్టి, గట్టిపడగనే నిప్పులలో కాచి మెత్తబరచుకొనును. ఈ యుపాయముననే 1987లో సోవియట్ దేశపు నొవొవొరొనెజ్ కేంద్రమందలి మూడవ రియాక్టరు పాత్రను 400 డిగ్రీలకు పైగా కాచి, ఉక్కునకు సాగుగుణమును చాలవరకు మరల తెచ్చిరి. మెచ్చదగిన పనియే. అయినను దీనిని చూపి సాక్షితునకలతో పనిలేదనుట తగదు. కాచిన యుక్కునకును మరునాటినుండి న్యూట్రానుల దెబ్బలు తప్పవు. అది మరల ఎంత పెళుసుబారుచున్నదో చెప్పుటకు ఆ తునకలే కావలెను.