విడాకుల మాట ఎవరికి నవ్వులాట?

సంక్రాంతి ముందు సికింద్రాబాద్ స్టేషన్ చూడాలి. దక్షిణ మధ్య రైల్వే ఎన్ని ప్రత్యేక రైళ్లు వేసినా కాలు పెట్టే చోటుండదు. పిల్లల్ని చంకనేసుకుని, సంచులు మోసుకుంటూ కోస్తా జిల్లాల రైళ్లకోసం పరుగెత్తే ఆడవాళ్లే కనిపిస్తారు. పండక్కి ఊరెళ్లడమంటే మగవాళ్లకి సెలవు. ఆడవాళ్లకి ఒక వంటింటి నుంచి ఇంకో వంటింటికి బదిలీ.

ఈ పండగ ప్రయాణాల మీదే 2017 సంక్రాంతికి 'శతమానం భవతి' సినిమా వచ్చింది. సతీష్ వేగేశ్న దర్శకుడు, దిల్ రాజు నిర్మాత. ఆత్రేయపురంలో ఉండే రాఘవరాజు, జానకమ్మల పిల్లలు విదేశాల్లో స్థిరపడిపోయారు. వాళ్లకోసం భార్య పడే బెంగ చూడలేక రాఘవరాజు ఒక ఉపాయం పన్నుతాడు. మీ అమ్మకి విడాకులు ఇవ్వబోతున్నానని పిల్లలకి ఈమెయిల్ పంపుతాడు. అందరూ హడావుడిగా వచ్చి వాలతారు. ఆ ఈమెయిల్ సంగతి జానకమ్మకి తెలియదు. ఇక ఇంటినిండా సరదాలు, అలకలు, కన్నీళ్లు. ఈ సినిమాకి ఆరోగ్యకరమైన వినోదం అందించిన ఉత్తమ జనరంజక చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది.

మేమూ చూశాం, నవ్వాం. జయసుధ, ప్రకాష్ రాజ్‌ల నటన చూసి కళ్లు తుడుచుకున్నాం కూడా. పెద్దవాళ్ల ఒంటరితనం గురించి మాట్లాడినందుకు సినిమాని మెచ్చుకోవాల్సిందే. కానీ ఇంటికొచ్చాక కొన్ని ప్రశ్నలు వదల్లేదు.

తల్లి బెంగ ఏళ్ల తరబడి పిల్లల్ని కదిలించలేదు. విడాకులన్న ఒక్కమాట కదిలించింది. అంటే ఆడదాని ఒంటరితనం ఆమె సొంత గొడవ. కాపురం చెదిరితే మాత్రం అది ఇంటిల్లిపాదికీ ఆపద. ఆమె దుఃఖం తీర్చడానికి వేసిన పథకంలో ఆమెని సంప్రదించిన వాళ్లెవరూ లేరు. ఆమె కాపురం గురించి అందరికీ తెలిసింది, ఆమెకి తప్ప!

అదే ఈమెయిల్ జానకమ్మ పంపి ఉంటే? ఈ వయసులో ఇదేం బుద్ధి అని పిల్లలే అనేవారు. మొగుడు అంటే చమత్కారం, పెళ్లాం అంటే బరితెగింపు. హాస్యం కూడా ఆడా మగా చూసే పలుకుతుంది.

మన దగ్గరకి సలహాకోసం వచ్చే స్త్రీలని అడగండి. కూర బాగాలేకపోతే విడాకులు. పుట్టింటికి పోతానంటే విడాకులు. ఆ మాట నిజంగా కోర్టు దాకా పోనక్కర్లేదు. ఆడదాన్ని నోరెత్తకుండా ఉంచడానికి ఆ బెదిరింపు చాలు. అందుకే ఆ మాట వినగానే హాల్లో నవ్వినవాళ్లలో కొందరికి లోపల గుండె జారి ఉంటుంది.

చట్టంలో మొగుడి మాటకి అంత బలం లేదు. హిందూ వివాహ చట్టం కింద ఇద్దరూ ఒప్పుకుంటే, 1976లో చేర్చిన 13బి సెక్షన్ ప్రకారం కలిసి పిటిషన్ వేయాలి. ఒప్పుకోకపోతే హింస, విడిచిపెట్టి పోవడం లాంటి కారణాలు కోర్టులో రుజువు చేయాలి. ఈ సినిమా వచ్చిన 2017లోనే ఆగస్టు 22న, భర్త ఒక్కసారిగా చెప్పే మూడు తలాక్‌లు చెల్లవని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ముస్లిం స్త్రీలు పోరాడి తెచ్చుకున్న తీర్పు అది. అప్పుడు 'పాపం ముస్లిం స్త్రీలు' అని జాలిపడిన ఇళ్లలోనే, భార్యకి తెలియకుండా భర్త ప్రకటించిన విడాకులు ఆరోగ్యకరమైన వినోదం అయ్యాయి.

ఆ మాటకి అంత భయం ఎందుకు? ఇల్లు ఆమె పేరున లేదు కాబట్టి. 2005 గృహహింస చట్టం ఆమెకి ఆ ఇంట్లో ఉండే హక్కు ఇచ్చింది గానీ ఇంట్లో వాటా ఇవ్వలేదు. విడాకుల వేళ భర్త స్థిరాస్తిలో భార్యకి వాటా ఇవ్వాలన్న బిల్లుని 2013లో రాజ్యసభ ఆమోదించింది. అది లోక్‌సభ దాటకుండానే మురిగిపోయింది. నలభై ఏళ్లు ఊడ్చి అలికిన ఇంట్లో తనకంటూ వాటా ఉన్న జానకమ్మని ఆ మాట అంతగా బెదిరించలేదు.

సినిమాని నిషేధించమని అనడం లేదు. సంఘం సమావేశాల్లో వేసి చూద్దాం, నవ్వుదాం. తర్వాత ఒక్కొక్కరినీ అడుగుదాం: "నువ్వుంటున్న ఇల్లు ఎవరి పేరున ఉంది?" ఆ జవాబుల దగ్గరే మన పని మొదలవుతుంది.