డ్రిబ్లింగ్ లిస్టులో మన పేరేదప్పా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఏ హాస్టల్ రూముకు పోయినా ఒకటే గొడవ. మెస్సీనా, నెయ్‌మారా, రొనాల్డోనా? రీల్స్‌లో బంతి మీద కాళ్లు గిరగిరా తిప్పితే డ్రిబ్లింగ్ అయిపోతుందా?

డ్రిబ్లర్ అంటే ఎదుటోణ్ణి దాటిపోయేవాడు, అంతే. మెస్సీని తక్కువ చెయ్యట్లేదు గానీ, నా ఓటు బ్రెజిల్ గరించాకే. ఆయన రెండు కాళ్లూ ఒకే పక్కకు వంగి ఉండేవి. కుడి పక్క నుంచే పోతాడని డిఫెండర్‌కు ముందే తెలుసు, అయినా ఆపలేకపోయేవాడు. 1962 ప్రపంచకప్‌లో రెండో మ్యాచ్‌లోనే పెలేకు దెబ్బ తగిలితే, జట్టును కప్పు దాకా మోసింది ఈయనే. ఆయన పూర్వీకులు ఫుల్నియో ఆదివాసీలని జీవితచరిత్ర రాసినాయన చెప్పినాడు. ఆ పేరు మనోళ్లు ఒక్కరూ ఎత్తరే!

సరే, ఆయన పాతకాలపోడు. మరి గుగులోత్ సౌమ్య? నిజామాబాద్ జిల్లా లంబాడా బిడ్డ, అంటే మన సుగాలీల ఆడబిడ్డే. వింగ్‌లో ఆడుతుంది. 2022లో క్రొయేషియా పోయి డైనమో జాగ్రెబ్‌లో చేరింది. 2025లో ఏఐఎఫ్ఎఫ్ ఉత్తమ క్రీడాకారిణి. ఈ పేరు చెప్తే ఒక అన్న "ఆడోళ్ల ఆట వేరేలే" అన్నాడు. ఏం వేరేనన్నా? బంతి వేరేనా, గోల్ వేరేనా?

నేను చదివిన హాస్టల్లో గ్రౌండంతా గులకరాళ్లే. బంతి ఎటు ఎగురుతుందో దేవుడికే తెలియాల. ఆ నేల మీద బంతిని కాలికి అంటించుకుని పోయేది మా క్లాసు పిల్ల ఒకతి. ఉన్నది ఒకటే బంతి. మా మ్యాచ్ లేని ఆదివారం మాత్రం వాళ్లకు గంటసేపు ఇచ్చేవాళ్లం. అదీ మేమే, పెద్ద దానం చేసినట్టు!

ఈ ఆదివారం బంతి చెల్లెళ్లకిచ్చి, గట్టున కూర్చుని చూడండి. లిస్టు సోమవారం రాద్దాం.