తుంటి విరిగితే ముసలితనమని వదిలేద్దామా?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెల్లో తరచూ వినిపించే మాట: ‘అవ్వ జారిపడింది, నడుము పోయింది, మంచం పట్టింది.’ ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగరు. నిజానికి చాలాసార్లు పోయింది నడుము కాదు, తుంటి. పేరే సరిగ్గా పెట్టని గాయానికి వైద్యం ఎక్కడినుంచి వస్తుంది? స్త్రీల ఆరోగ్యమంటే కాన్పు, కుటుంబ నియంత్రణ మాత్రమే అనుకునే ప్రభుత్వ దృష్టిలో కాన్పుల వయసు దాటిన ఆడదానికి చోటే లేదు.

పడ్డాక లేవలేకపోవడం, గజ్జల్లో నొప్పి, ఒక కాలు పొట్టిగా అయి పాదం బయటివైపు తిరిగిపోవడం - ఇవి తుంటి విరిగిందనడానికి గుర్తులు. అయితే ఎముక చిట్లి, పక్కకు జరగకపోతే కొందరు కుంటుతూ నడుస్తారు కూడా. మొదటి ఎక్స్‌రేలో పగులు కనిపించకపోవచ్చు. నొప్పి తగ్గకపోతే సీటీ గానీ ఎమ్మారై గానీ తీయాల్సిందే. ‘ఎక్స్‌రే బాగానే ఉంది, నొప్పి గోలీలు వేసుకో’ అని పంపేయడం వైద్యం కాదు.

చేయి విరిగితే కట్టు కట్టించినట్టు తుంటికి కట్టిస్తే కుదరదు. తొడ ఎముక మెడ దగ్గర విరిగితే దాని తలకు రక్తం అందక అది చచ్చిపోవచ్చు. అందుకే వయసు మళ్ళినవారికి ఎక్కువగా కృత్రిమ కీలు అమరుస్తారు. కాస్త కిందుగా విరిగితే లోహపు కడ్డీ, స్క్రూలతో బిగిస్తారు. ఆపరేషన్ ఒకటి రెండు రోజుల్లో జరగాలి, వెంటనే లేపి నడిపించాలి. మంచంలోనే ఉంచితే పుండ్లు, ఊపిరితిత్తుల జబ్బు, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం ప్రాణం తీస్తాయి. తుంటి విరిగిన వృద్ధుల్లో సుమారు ఐదుగురికి ఒకరు ఏడాదిలోగా చనిపోతున్నారని అనేక దేశాల అనుభవం.

ఆడవాళ్ళ ఎముకలే ఎందుకింత గుల్లవుతాయి? ముట్లుడిగాక ఈస్ట్రోజన్ తగ్గి ఎముక పలచబడుతుంది. చిన్నప్పటినుంచీ ఇంట్లో చివర తిని, మిగిలింది తిన్న దేహం అది. దానికి తోడు గర్భసంచి ఆపరేషన్లు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం, తెలంగాణలో 7.7 శాతం. అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై అయిదేళ్ళకే ముట్లుడిగినట్టే. ఈ రోజు అనవసరంగా చేసిన ఆపరేషన్‌కు ఇరవై ముప్పై ఏళ్ళ తర్వాత ఆమె తుంటి మూల్యం చెల్లించవచ్చు. ఆ సంగతి ఆమెకు ముందుగా చెప్పిన డాక్టర్లు ఎందరు?

పాలమూరు వలసల సంగతి మనకు కొత్త కాదు. కొడుకూ కోడలూ ముంబై, పుణె, హైదరాబాదుల్లో మట్టిపనికి పోతే ఇంటికాడ ముసలమ్మ, మనవలే మిగులుతారు. పడ్డనాడు ఆటో పిలిచేదెవరు? ఆస్పత్రిలో సంతకం పెట్టేదెవరు? ఇంకో మాట కూడా అనుకోవాలి: ప్రతి పడటమూ జారి పడటం కాదు. నెట్టేస్తే పడినవాళ్ళూ, తంతే పడినవాళ్ళూ ఉన్నారు. పక్కన ఇంటివాళ్ళు నిలబడి ఉండగా ఆమె నిజం చెప్పదు. ఒంటరిగా అడగాలి.

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. వనపర్తి, నాగర్‌కర్నూలులో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. బోర్డులు వచ్చాయి సరే, ఎముకల డాక్టరు, మత్తు డాక్టరు, రక్తం, ఫిజియోథెరపీ అక్కడే రెండు రోజుల్లో అందుతున్నాయా అన్నది మనం అడగాల్సిన ప్రశ్న. తుంటి ఆపరేషన్‌కు పథకంలో ఏవి వస్తాయో, ఏ ఆస్పత్రిలో చేస్తారో ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తెలుగులో రాసి పెట్టాలి. గర్భసంచి ఆపరేషన్లపై లెక్క అడగాలి. సంఘాల సమావేశాల్లో పొదుపు లెక్కలతో పాటు ఈ గుర్తులూ చెప్పుకోవాలి.

జీవితమంతా ఇతరులను నిలబెట్టిన స్త్రీకి తన కాళ్ళమీద తాను నిలబడటం దయ కాదు, హక్కు.