నమ్మకమునకు వెల

సర్వప్రాణులయందును భగవంతుడే యున్నాడని తలచి దీపమునకు నమస్కరించుట మన యిండ్లలో నిత్యకృత్యము. ఆ మాట నిజమని మనమందఱమును నమ్ముదుము. కాని పూజ ముగించి లేచిన పిదప ఆ నమ్మకము వంటయింటిలోనికిని, పెండ్లిపందిటిలోనికిని మనతో వచ్చుచున్నదా? నమ్మిన విధమున నడచుటకు వెల యుండును. ఆ వెల నెవరు చెల్లించుచున్నారన్నదే నేడు మేము సోదరీమణుల యెదుట నుంచదలచిన ప్రశ్న.

ఇందులకు రాజమహేంద్రవరమున జరిగిన యొక సంగతిని జ్ఞప్తికి దెచ్చుకొందము. హిందూ వితంతువు మరల వివాహమాడవచ్చునని 1856లోనే చట్టము వచ్చెను. కాని చట్టము వచ్చినంత మాత్రమున పందిట పీటలు పడవు గదా! కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1879 మొదలు ఈ విషయమై బహిరంగముగా నుపన్యసించి, 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని తమ యింట గోగులపాటి శ్రీరాములుగారికిని, గౌరమ్మ యను బాలవితంతువునకును వివాహము జరిపించిరి. ఊరివారు వెలివేసిరి. బంధువులు ముఖము చాటుచేసిరి. వంటవారు రామనిరి, నీళ్లు మోయువారు మానిరి. అప్పుడు పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు బిందె తీసికొని గోదావరికి బోయి తామే నీళ్లు మోసికొని వచ్చి, తామే వండి వడ్డించిరి.

ఉపన్యాసములు పంతులుగారివి, నీళ్ల బరువు మాత్రము రాజ్యలక్ష్మమ్మగారి భుజముపై బడినది. ఆ తరువాత తమ యింటి నాశ్రయించిన దిక్కులేని వితంతువులను గూడ, 1910లో స్వర్గస్థులగువఱకు, ఆమె కన్నబిడ్డలవలె జూచుకొనిరి. భగవంతునకు అందఱును సమానులే యన్న నమ్మకమునకు వెల యా యింటివారే చెల్లించిరి గాని, తమ్ము శరణుజొచ్చిన బాలికచేత జెల్లింపలేదు. మాకు ఆదర్శముగా దోచునది యిదియే.

మన యిండ్లలో జరుగుచున్నదేమి? ఏకాదశినాడు పెద్దవారు ఉపవాసముందురు. వారి ఫలాహారమునకై కోడలు తెల్లవారినది మొదలు పొయ్యికడ నిలుచును. శుచి పాటింతుమని చెప్పుకొనుచు పనిమనిషికి వేఱొక గ్లాసు గూటిలో నుంతుము. ఉపవాసమును శుచియు మంచివే కావచ్చును. కాని పుణ్యము మనది, శ్రమ యొకరిది, అవమానము వేఱొకరిది యగునప్పుడు దానిని వ్రతమని యెట్లనగలము?

వీనియన్నిటికంటె కఠినమైనది వితంతువు విషయము. నేడు ఆమె చదువుకొనును, ఉద్యోగము చేయును, ఇల్లు నడుపును. పునర్వివాహమాడినను వెనుకటివలె ఎవరును నీళ్లు మాన్పింపరు. అయినను కన్నకూతురి పెండ్లిలో మంగళస్నానమునకు నూనె అంటవలసివచ్చునప్పటికి పినతల్లిని బిలుతురు. తల్లి గదిలో తలుపు చాటున నిలుచును. పెండ్లి ఖర్చంతయు దన జీతమునుండి పెట్టిన తల్లియైనను అంతియే. ఎవరును ఆమెను పొమ్మనరు. "నేను రాకూడదులే అమ్మా" యని యామెయే తప్పుకొనును, మనము ఊఱకుందుము. ఆ యూఱకుండుటలోనే మన నమ్మకము ఓడిపోవుచున్నది.

అట్లని పదిమంది యెదుట ఆమె చేయి పట్టి పీటలకడకు లాగుట ధర్మము కాదు. అప్పుడును చూపులకు గుఱియగునది ఆమెయే. ముందుగా ఆమెతో నొంటరిగా మాటలాడి మనసు తెలిసికొనవలెను. ఆమె సమ్మతించినచో పురోహితునితోను, వియ్యాలవారితోను పనులు చేసికొనకమునుపే చెప్పియుంచవలెను. ఎవరైన నొక పెద్దమ్మగారు అలిగి భోజనము చేయక వెడలిపోవచ్చును. ఆ నిందను ఇంటి యజమానియు ఇల్లాలును తామే మోయవలెను. ఆమె వలదన్నచో నా మాటను మన్నింపవలెను. కాని పిలుపు మాత్రము మానరాదు.

ఇది జరుగని పని యనుకొనుటకు వీలులేదు. మహారాష్ట్రమున కొల్హాపురము జిల్లాలోని హేర్వాడ గ్రామపంచాయతి 2022 మే నెలలో, భర్త పోయిన స్త్రీకి గాజులు పగులగొట్టుట, బొట్టు తుడుచుట మొదలగు ఆచారములు తమ యూర మానవలెనని తీర్మానించినది. ఆ నెలలోనే అచటి ప్రభుత్వము ఆ మార్గము ననుసరింపుడని తక్కిన గ్రామములకును తెలియజేసినది. ఒక యూరు కలసి చేయగలిగిన పని నొక యిల్లు చేయలేదా?

మన పిల్లలు మన స్తోత్రములను వినుచున్నారు. తలుపు చాటున నిలిచిన నాయనమ్మను గూడ జూచుచున్నారు. భక్తి యనగా నేమో వారు నేర్చుకొనునది యీ రెంటినుండియే. కావున రాబోవు శుభకార్యమునకు పసుపు కుంకుమల పళ్లెము సిద్ధపఱచుకొనునపుడే, మొదటి యక్షతలు ఎవరిచేత వేయింపవలెనో మా సోదరీమణులు ఇంటిలో నందఱితో నాలోచించి నిశ్చయించుకొందురు గాక.