గోడలోని చప్పుడు, షవరులోని వేడి

ఇల్లు కట్టుకునేటప్పుడు మనం గదుల కొలతలను, గచ్చు రంగును, తలుపు చెక్కను ఎంతో శ్రద్ధగా ఎంచుకుంటాము. గోడలోపల పోయే నీటి గొట్టాల సంగతి మాత్రం ప్లంబరుకే వదిలివేస్తాము. ఆ అశ్రద్ధ కొంతకాలానికి రెండు రూపాలలో బయటపడుతుంది. ఒకటి, కుళాయి కట్టగానే గోడలో వినిపించే చప్పుడు. రెండవది, స్నానం చేస్తుండగా షవరు నీరు ఉన్నట్టుండి మరిగినట్లు రావడం, మరుక్షణం చల్లబడటం. మొదటిది నిద్ర చెడగొడుతుంది. రెండవది పసిపిల్లలకు, వృద్ధులకు ప్రమాదం తెచ్చిపెడుతుంది. ఈ నెల ఈ రెండింటిని గురించీ చెప్పుకుందాము.

ప్లంబరును పిలిచే ముందు చప్పుడును శ్రద్ధగా వినాలి. అన్ని చప్పుళ్ళకూ కారణం ఒకటి కాదు.

కుళాయి కట్టిన మరుక్షణం ‘ధన్’ మని ఒక్క దెబ్బ వినిపిస్తే అది నీటి దెబ్బ. వేగంగా వస్తున్న నీటిని హఠాత్తుగా ఆపితే ఆ వేగం ఒత్తిడిగా మారి గొట్టాన్ని కుదిపివేస్తుంది. మాస్కో నగరపు నీటి గొట్టాలపై ప్రయోగాలు చేసిన రష్యా శాస్త్రవేత్త నికోలాయ్ జుకోవ్‌స్కీ 1898లో ఈ ఒత్తిడిని లెక్కకట్టి వివరించాడు. పాతకాలపు కుళాయిని రెండు మూడు చుట్లు తిప్పితే గాని నీరు ఆగేది కాదు. నేటి కుళాయి పావు చుట్టుకే ఆగిపోతుంది. వాషింగ్ మెషీన్ వాల్వు అంతకంటే త్వరగా మూసుకుంటుంది. ప్రెజర్ పంపు ఉన్న ఇళ్ళలో ఈ దెబ్బ మరింత బలంగా ఉంటుంది. దీనిని ఏళ్ళ తరబడి పట్టించుకోకపోతే అతుకులు వదులై గోడ చెమ్మగిల్లుతుంది. కుళాయిని నెమ్మదిగా కట్టడం, యాంగిల్ కాక్‌ను కొంత మూసి నీటి వేగాన్ని తగ్గించడం, వదులుగా ఊగే గొట్టాలకు క్లాంపులు బిగించడం మొదట చేయవలసిన పనులు. అప్పటికీ ఆగకపోతే మెషీన్ కుళాయి దగ్గర దెబ్బను మింగే చిన్న పరికరం ఒకటి అమర్చవచ్చు. వాటర్ హ్యామర్ అరెస్టర్ అని అడిగితే ఇస్తారు.

వేడినీరు వదిలినప్పుడు మాత్రమే ‘టక్ టక్’ మని వినిపిస్తే అది గొట్టం సాగే చప్పుడు. మూడు మీటర్ల సీపీవీసీ గొట్టం 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 7 మిల్లీమీటర్లు సాగుతుంది. క్లాంపు మరీ బిగువుగా ఉంటే అక్కడ రాసుకుని చప్పుడు చేస్తుంది. క్లాంపును కాస్త వదులు చేస్తే చాలు. ‘గుయ్’ మని సన్నని మోత వస్తే కుళాయి వాషరు అరిగిందనో, ఫ్లష్ ట్యాంకు వాల్వు పాడైందనో అనుకోవాలి. ట్యాంకు ఖాళీ అయి నిండిన తరువాత ‘గడగడ’ మంటూ నీరు తెంపులు తెంపులుగా వస్తే గొట్టంలో గాలి చేరినట్లు. కుళాయిలన్నీ కాసేపు తెరిచి ఉంచితే అది పోతుంది. తరచూ ఇలా జరుగుతుంటే ట్యాంకు నుండి దిగే గొట్టానికి గాలి పోయే నిలువు గొట్టం ఉన్నదో లేదో చూడాలి.

ఇక షవరు సంగతి. చాలా ఇళ్ళలో వంటింటికి, ఫ్లష్ ట్యాంకుకు, షవరుకు చన్నీరు ఒకే గొట్టం నుండి వస్తుంది. ఎవరైనా ఫ్లష్ నొక్కితే చన్నీరు అటు మళ్ళుతుంది. షవరులో వేడినీటి పాలు పెరుగుతుంది. ఫజ్ర్ వేళ ఇంటిల్లిపాదీ ఒకేసారి నీరు వాడే ఇళ్ళలో ఇది రోజూ ఎదురయ్యేదే. పరీక్షించడం సులభం. షవరు వేడిని సమంగా కుదిర్చి, చేతితో చూస్తూ, మరొకరిని వంటింటి కుళాయి తిప్పమనండి. ఆ తరువాత ఫ్లష్ నొక్కమనండి. దేనికి వేడి మారుతుందో తెలిసిపోతుంది. ఫ్లష్ వల్లనే అయితే దాని యాంగిల్ కాక్‌ను సగానికి పైగా మూయండి. ట్యాంకు ఆలస్యంగా నిండుతుంది గాని షవరుకు నీరు తగ్గదు. దీనికి పైసా ఖర్చు లేదు. శాశ్వత పరిష్కారం కావాలంటే స్నానాల గదికి పైట్యాంకు నుండి వేరే గొట్టం వేయించాలి.

వేడినీరు, చన్నీరు రెండూ ఒకే ఒత్తిడితో రావడం ముఖ్యం. పది మీటర్ల ఎత్తు నుండి దిగే నీటికి సుమారు ఒక బార్ ఒత్తిడి ఉంటుంది. షవరు కంటే మూడు మీటర్లే ఎత్తున ఉన్న ట్యాంకు ఇచ్చేది 0.3 బార్ మాత్రమే. ఒక గొట్టాన్ని ట్యాంకుకు, మరొకదానిని పంపుకు కలిపితే బలమైనది రెండవదానిని వెనక్కి నెట్టుతుంది. పంపు పెడితే రెండింటికీ పెట్టాలి.

బోరు నీటి ఉప్పు కూడా ఒక కారణమే. అది షవరు రంధ్రాలలో, గీజరు లోపల పేరుకుని వేడినీటి ధారను సన్నగిల్లజేస్తుంది. షవరు తలను విప్పి నిమ్మ ఉప్పు కలిపిన నీటిలో నానబెట్టి కడగవచ్చు. గీజరును మాత్రం మెకానిక్ చేతనే శుభ్రం చేయించాలి. గ్యాస్ గీజరులో నీటి ధార మరీ తగ్గితే మంట దానంతట అదే ఆరిపోతుంది. నీరు హఠాత్తుగా చల్లబడటానికి అది కారణం కావచ్చు.

మూడు జాగ్రత్తలను ఎన్నటికీ మరువరాదు. 60 డిగ్రీల నీరు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాల్చివేస్తుంది. పిల్లలు, వృద్ధులు ఉన్న ఇంట గీజరు వేడిని తగ్గించి ఉంచాలి. గీజరు సేఫ్టీ వాల్వు నుండి నీటి చుక్కలు పడుతున్నాయని దానిని మూసివేయరాదు. లోపలి ఒత్తిడికి అదే దారి. గ్యాస్ గీజరును మూసిన స్నానాల గదిలో పెట్టరాదు. దాని నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, అది ప్రాణం తీస్తుంది.

పెద్దవారు స్నానానికి వెళ్ళినప్పుడు తక్కినవారు వంటింటి కుళాయిని కాసేపు కట్టి ఉంచడం మంచి అలవాటే. కాని ఆ అలవాటు ఒక్కరు మరిచిన రోజున నీరు మీదపడేది పెద్దవారి వీపుపైననే. కనుక మరమ్మతును వాయిదా వేయకండి.