విదేశ విద్యార్థుల తిరుగు ప్రయాణము

కుమారుని విద్యార్థమై సముద్రముల కావలికి పంపునపుడు మన గృహస్థులు వేయని లెక్క లేదు. కళాశాల రుసుము, బ్యాంకి ఋణమునకు వడ్డీ, అక్కడి గది యద్దె, తుదకు చలికోటు వెలతో సహా సమస్తమును కాగితము మీది కెక్కును. పొలము హామీగా వ్రాసి యిచ్చినవారును మనలో పెక్కురు గలరు. కాని, ఆ కుమారుడు చదువు ముగించి వచ్చుచు దారిలో చిక్కుపడినచో అందులకు జవాబుదారు ఎవరన్న సంగతి ఆ కాగితమున నెచ్చటను కానరాదు. తెనాలినుండియో అమలాపురమునుండియో కారు మాట్లాడుకొని రాత్రికి రాత్రి శంషాబాదు చేరిన తండ్రికి, అచటి పలక మీద విమానపు సంఖ్య కెదురుగా ‘ఆలస్యము’ అను నొక్క మాట దక్క వేరు సమాధానము దొరకదు. ఎన్ని గంటలు? ఏల? పిల్లవాడు ఏ యూర నున్నాడు? వానికి భోజన మెవరు పెట్టుచున్నారు? ఒక కిటికీయొద్ద నడిగినచో మరియొక కిటికీ చూపుదురు.

ఆలస్యము క్రొత్తది కాదు. 1914లో ఇంగ్లండునకు వెడలిన శ్రీనివాస రామానుజముగారు, ఆ యేడే పుట్టిన మహాయుద్ధమువలన సముద్రమార్గములు ప్రాణాపాయకరములు కాగా, వ్యాధిపీడితులయ్యు స్వదేశము చేరజాలక, సంధి కుదిరిన పిమ్మట 1919 ఫిబ్రవరి 27న ఓడ యెక్కి, మార్చి 27న బొంబాయిలో దిగిరి. మరుసటి యేడు ఏప్రిలులోనే కన్నుమూసిరి. ఆ జాగునకు కారణము యుద్ధము. దావా వేయుటకు ప్రతివాది లేడు. అంతకు పూర్వము 1891లో బారిష్టరు పట్టముతో మరలివచ్చిన గాంధీగారికి, తల్లి మరణవార్త బొంబాయి చేరినమీదటనే అన్నగారు తెలిపిరి. పరదేశమున కుర్రవాడు క్రుంగిపోవునని దాచియుంచిరట. నేడు వార్త క్షణములో చేరును. మనుష్యుడు మాత్రము చేరడు. తండ్రి ఆసుపత్రిలో నున్నాడని విన్న బిడ్డ ఏ పరాయి విమానాశ్రయముననో నేలమీద కూర్చుండి టెలిఫోనులో ఆ ముఖము చూచుచుండును. ఈ దుఃఖము పూర్వుల దుఃఖమున కంటె తక్కువదని మేము చెప్పజాలము.

గొప్ప విపత్తు లేర్పడినపుడు ప్రభుత్వము కదలకపోలేదు. 2020 మార్చి 17న మలేషియా, ఫిలిప్పైన్సు దేశములనుండి వచ్చు ప్రయాణికులను మన ప్రభుత్వము హఠాత్తుగా నిషేధింపగా, ఫిలిప్పైన్సులో వైద్యము చదువుచు ఇంటికి బయలుదేరిన మన విద్యార్థులు కౌలాలంపూరులో విమానము మారబోయి అచటనే నిలిచిపోయిరి. పిదప ప్రత్యేకానుమతి నొసగి విశాఖపట్టణమునకును ఢిల్లీకిని వారిని చేర్చిరి. 2022లో ఉక్రెయినుపై యుద్ధము రాగా ఫిబ్రవరి 26 మొదలు ప్రత్యేక విమానములు నడపిరి. సూమీ నగరమునందలి సుమారు 700 మంది విద్యార్థులు మార్చి 8 వరకు తుపాకిమ్రోతల నడుమ, మంచు కరగించుకొని త్రాగుచు కాలము గడపిన మాట నిజమే. అయినను వారిని తెచ్చినందులకు ప్రభుత్వమును అభినందింపక తప్పదు. మేమడుగునది వేరు. యుద్ధము లేదు, మహమ్మారి లేదు. కేవలము కంపెనీవారి యేర్పాటు చెడి పిల్లవాడు ముప్పది గంటలు నిలిచిపోయినచో వానికి దిక్కెవరు?

ఐరోపావారు ఈ ప్రశ్నకు రూకలలో జవాబు చెప్పిరి. అచట 2004లో చేసిన శాసనమును, 2009లో ఆ న్యాయస్థానము చెప్పిన యర్థముతో కలిపి చదివినచో, జర్మనీనుండి మన దేశమునకు వచ్చు విద్యార్థి నాలుగు గంటలకు మించి జాగుగా చేరినపుడు, విమానము ఏ దేశపు కంపెనీదైనను 600 యూరోలు రాబట్టుకొనవచ్చును. కంపెనీ చేతిలో లేని అసాధారణ కారణములకు మాత్రము మినహాయింపు. మన విమానయానశాఖవారు 2010లో ప్రకటించిన నిబంధనలలో ఫలాహారము గలదు, ఇరువదినాలుగు గంటలు దాటిన జాగునకు హోటలు గలదు, రద్దయిన విమానమునకు పరిహారము గలదు. జాగునకు పరిహారము లేదు. ఇంతకంటె చోద్యము, విదేశపు కంపెనీలు తమ తమ దేశపు నిబంధనలనే యనుసరింపవచ్చునని అందులో వెసులుబాటు చేసిరి. మన బిడ్డలు పెక్కురు ఎక్కునవి ఆ విమానములే గదా!

చట్టము బొత్తిగా లేదనుటయు సరికాదు. 1999 నాటి మాంట్రియల్ ఒడంబడికలో మన దేశము 2009లో చేరినది. జాగువలన కలిగిన నష్టమునకు కంపెనీ బాధ్యత 2024 డిసెంబరు 28 నుండి మనిషి యొక్కరికి 6,303 ఎస్. డి. ఆర్. వరకు పెరిగినది. ఇది మన నాణెమున కొన్ని లక్షలు. అయితే నష్టము ఋజువు చేయవలెను. చేతనైన జాగ్రత్త లన్నియు తీసికొంటిమని కంపెనీ ఋజువు చేసినచో తప్పించుకొనును. రెండేండ్లలో దావా వేయవలెను. హోటలు రసీదులు, టిక్కెట్టు, జాగునకు చెప్పిన కారణము అన్నియు దాచుకొన్న విద్యార్థి వేయింటి కొక్కడైనను ఉండునా? సామాను జాగుగా చేరినచో ఇరువదియొక్క దినములలో ఫిర్యాదు వ్రాసి యీయవలెనని యెంతమంది యెరుగుదురు?

ఇందు మనవారి తప్పును లేకపోలేదు. ఢిల్లీవరకు ఒక టిక్కెట్టు, అచటినుండి విజయవాడకో రాజమహేంద్రవరమునకో తిరుపతికో వేరొక టిక్కెట్టు కొని, నాలుగువేలు మిగిలినవని సంతసింతురు. మొదటి విమానము జాగైనచో రెండవది తప్పిపోవును. మొదటి కంపెనీ తనకు సంబంధము లేదనును, రెండవ కంపెనీ రాలేదు గనుక సొమ్ము పోయినదనును. ఒకే టిక్కెట్టుపై గమ్యస్థానమువరకు కొన్నచో తరువాతి విమానము చూపుట వారి విధి యగును. మిగిలిన నాలుగువేలు ఒక రాత్రి హోటలునకైనను చాలవు.

తలిదండ్రుల జాగ్రత్తతోనే సర్వము చక్కబడదు. మన నేలపై దిగు ప్రతి విమానమును, అది ఏ దేశపుదైనను, మన నిబంధనలకు లోబడవలెను. జాగునకు కారణమును వ్రాతమూలముగా అడుగకయే యీయవలెను. ఒడంబడిక ప్రకారము నష్టము రాబట్టబూనిన విద్యార్థికి ఆ చీటి తోడ్పడును. కేంద్ర విమానయానశాఖను 2014లో అశోక్ గజపతిరాజుగారును, 2024లో కింజరాపు రామమోహన నాయుడుగారును చేపట్టిరి. పదేండ్లలో రెండు మారులు ఆ శాఖ విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతముల వారి చేతికి వచ్చినది. విదేశపు కంపెనీల కొసగిన ఆ వెసులుబాటును కొట్టివేయుటకు పార్లమెంటు చట్టమైనను అక్కరలేదు. ఆ నిబంధన చేసిన శాఖయే దానిని మార్చవచ్చును. ఏల మార్చలేదో ఉభయ తెలుగు రాష్ట్రముల ప్రతినిధులు రానున్న సమావేశముననే అడుగవలెను.