ముక్కనుమ నాడు పెన్సిలు పట్టుకుందాం

పెడన, బందరు, గుడివాడ, దివిసీమ కుటుంబాలకు ఒక మనవి

సంక్రాంతికి ఊళ్ళకొచ్చిన పిల్లలు మూడు రోజులు అరిసెలు తిని, కోడిపందేల కబుర్లు విని, సెల్‌ఫోన్లు చూసుకుంటూ బస్సెక్కి వెళ్ళిపోతున్నారు. ఆ సెలవుల చివర ఒక్క పూట, ముక్కనుమ నాడు పొద్దున్నే, తాత మొదలు మనవరాలి దాకా ఇంటిల్లిపాదీ కూర్చుని బొమ్మలు గీద్దామని అడగడానికే ఈ కరపత్రం. సినిమా హీరోల బొమ్మలు ఎప్పుడైనా గీసుకోవచ్చు. ఆ రోజు మాత్రం మన కట్టడాలు గీద్దాం: ఘంటసాల మ్యూజియంలో బౌద్ధుల రాళ్ళు, బందరులో డచ్చివారి సమాధులు, పెడన వీధుల్లో అరుగులున్న పెంకుటిళ్ళు.

గీసినంత మాత్రాన ఏం ఒరుగుతుందని అడిగేవాళ్ళుంటారు. మన చుట్టుపక్కల జరిగిందే చూడండి. ఏటికి అవతల భట్టిప్రోలు స్తూపం రాళ్ళు పంతొమ్మిదో శతాబ్దంలో కాలవ పనులకీ రోడ్లకీ పోయాయి. గుడివాడ స్తూపం దిబ్బనూ రోడ్ల కోసం తవ్వుకున్నారు. ఈ రెంటితో పాటు ఘంటసాల స్తూపం గురించి అలెగ్జాండర్ రే రాసిన పుస్తకం 1894లో మద్రాసులో అచ్చయింది. ఘంటసాల స్తూపం లోపల ఇటుక గోడలు బండిచక్రం ఆకుల్లా ఎలా పరుచుకున్నాయో ఈనాడు చెప్పగలుగుతున్నామంటే, ఎవరో ఎండలో నిలబడి కొలత వేసి గీసిపెట్టబట్టే. అమరావతి సంగతీ అంతే. అక్కడి శిల్పాలెన్నో సున్నం బట్టీల పాలయ్యాయి. 1816 తర్వాత సర్వేయరు మెకంజీ మనుషులు గీసిన బొమ్మలు మాత్రం లండన్ బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. మన రాళ్ళ బొమ్మలు చూడటానికి మనం లండన్ వెళ్ళాల్సి రావడం సిగ్గుచేటే. కానీ ఆ పాటి బొమ్మలైనా మన ఇళ్ళకి ఉన్నాయా?

పాత ఇళ్ళు కూల్చొద్దని మేం చెప్పడం లేదు. పెంకులు కారుతుంటే, దూలానికి చెదపడితే, ఆ కింద పడుకునేవాళ్ళకి తెలుస్తుంది కష్టం. నిక్షేపంగా డాబా వేసుకోండి. గునపం పడేలోపు ఒక్క బొమ్మ గీసుకోండి, అంతే.

ఫోన్లో ఫొటో తీసుకుంటే చాలదా? తీసుకోండి, మంచిదే. ఫొటో క్షణంలో అయిపోతుంది, చూసే పని తప్పిపోతుంది. బొమ్మ గీసేవాడు వాసాలెన్నో లెక్కపెట్టక తప్పదు. ద్వారబంధం మీద చెక్కింది లతో, చిలకో దగ్గరికెళ్ళి చూడక తప్పదు. దూలానికి ఆ ఇనప కొక్కెం ఎందుకని మనవడు అడుగుతాడు, ఉయ్యాలకని మామ్మ చెబుతుంది, ఆ ఉయ్యాల్లో ఎవరెవరు ఊగారో మొదలవుతుంది. పెడనలో నేతవారి ఇల్లు గీస్తే ఇంకా బోలెడు బయటపడతాయి. మగ్గం గుంట ఎక్కడ తవ్వాలి, వెలుగు ఏ వైపు నుంచి పడాలి అన్నదాన్ని బట్టి ఇల్లు కుదురుతుంది. పడుగు సాగదీసి గంజి పెట్టడానికి వీధి కావాలి. వానాకాలం గుంటలోకి నీరు ఊరితే మగ్గం ఆగుతుంది, ఆ రోజు కూలీ ఆగుతుంది. ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో దొరికేవి కావు, నేలమీద గీత గీసి చూపిస్తే పదేళ్ళ పిల్లకి అర్థమయ్యేవి.

బొమ్మలు మనకి కొత్తా? బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ చిత్రకళ నేర్పారు, అడివి బాపిరాజు నేర్చుకున్నారు. పెడనలో ఈనాటికీ కలంకారీ అద్దకం కోసం కాగితం మీద గీసిన డిజైనును టేకు దిమ్మ మీదికి దించి చెక్కేవాళ్ళున్నారు. రంగు రంగుకీ ఒక అచ్చు, అన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదానిమీదొకటి కూర్చోవాలి. స్క్రీన్ ప్రింటింగ్ వచ్చి వాళ్ళ పని తగ్గింది. ఆ పూట వాళ్ళని మధ్యలో కూర్చోబెట్టి చేతిపని చూపించమందాం. ఒక్క షరతు: ఆ పూట కూలి వాళ్ళ చేతిలో పెట్టాలి. శాలువా కప్పి పంపడం మనకి బాగా అలవాటైంది, దాంతో బియ్యం రావు.

బ్రిటన్‌లో 2000లో మొదలైన బిగ్ డ్రా అనే బొమ్మల పండగ ఇప్పుడు చాలా దేశాల్లో జరుగుతోంది. మ్యూజియంలు కుటుంబాలని పిలిచి కాగితాలిచ్చి కూర్చోబెడతాయి. అందులో మనం తప్పకుండా తీసుకోవాల్సింది ఒకటుంది. అక్కడ పెద్దవాళ్ళు గేటు బయట నిలబడరు, పిల్లల పక్కన కూర్చుని తామూ గీస్తారు. మన దగ్గర బొమ్మలంటే పోటీ. గాంధీ జయంతికో బాలల దినోత్సవానికో రెండు గంటలు టైమిచ్చి, ముగ్గురికి కప్పులిచ్చి, మిగతా వందమందికీ తమకి బొమ్మలు రావని నేర్పి పంపిస్తాం. కాబట్టి ఈ పండగలో ప్రైజులు లేవు, జడ్జీలు లేరు, వేదిక లేదు, మైకు లేదు. నాయకులు వస్తే సంతోషం. వాళ్ళకీ ఒక కాగితం ఇస్తాం. తనకి గీత రాదనే అమ్మ తెల్లారితే చుక్కల ముగ్గు చెరపకుండా కలుపుతుంది; ఆమెకి ఇంటి గోడ గీయడం ఓ లెక్కా?

ప్రపంచ వారసత్వ వారం నవంబరు 19 నుంచి 25 దాకా ఉండగా అప్పుడే పెట్టొచ్చు కదా అని కొందరు మిత్రులన్నారు. నవంబరు 19 అంటే 1977 ఉప్పెన రోజు. దివిసీమలో ఆ తేదీకి పండగ మాట ఎత్తలేం. పైగా తుపాన్ల కాలం. ముక్కనుమే మేలు. ఘంటసాల మ్యూజియానికి శుక్రవారం సెలవు గనక ముక్కనుమ ఆ రోజే పడితే అక్కడ మాత్రం మర్నాడు పెట్టుకుందాం.

పురపాలక సంఘాన్ని అడిగేది ఒక్కటే, పెడనలో ఒక వీధికి ఆ పూట బండ్లు రానివ్వకుండా చూడమని. హెడ్మాస్టర్లు చాపలూ, పరీక్ష అట్టలూ ఇప్పించాలి. ఘంటసాలలోనూ డచ్చి సమాధుల దగ్గరా కూర్చోనివ్వమని పురావస్తు శాఖకి అర్జీ పెట్టాలి, దానికి మీ సంతకాలు కావాలి.

దివిసీమ పెద్దలకి ఇంకో మాట. ఉప్పెనలో పోయిన తాటాకిళ్ళు కళ్ళారా చూసినవాళ్ళకి ఇప్పుడు అరవై అటూ ఇటూ. మీ ఇల్లు ఎటు తిరిగి ఉండేది, పొయ్యి ఎక్కడ, గొడ్లచావిడి ఎక్కడ, గుర్తున్నంతలో గీయండి. చెయ్యి వణికితే మీరు చెప్పండి, పిల్లలు గీస్తారు. కాగితం వెనక ఊరు, వీధి, ఇంటిపేరు, తేదీ రాయండి. అసలు బొమ్మ మీ ఇంటికే, దాని నకలు ఊరి గ్రంథాలయానికి. కాగితాలూ పెన్సిళ్ళూ మేం తెస్తాం. కింద కూర్చోలేనివాళ్ళు కుర్చీ మాత్రం ఇంటి నుంచే తెచ్చుకోవాలి.